ఐన్ గుర్తు దాకా

మా అల్లుడు హమ్దాన్ యుద్ధానికి పోతున్నాడన్న సంగతి నేను పచ్చి మామిడికాయలు తురుముతుండగా తెలిసింది. చెప్పింది నా కూతురు ఉల్యా. ఏడో నెల కడుపుతో పీట మీద కూర్చోలేక కూర్చుని, తలెత్తకుండా చెప్పింది.

"అమ్మా, వేడుక అయిన మర్నాడే వెళ్ళిపోతాడట. మంచం కింద సంచీ సర్దిపెట్టుకున్నాడు. టికెట్టు కూడా వచ్చేసింది."

"ఎక్కడికే?"

"అదే, ఆ యుద్ధం జరిగే చోటికి. సముద్రాల అవతలికి. వెళ్ళి తీరాలట. దేవుడి ఆజ్ఞట."

తురుము పీట అవతలికి తోసేశాను. ఏడో నెల వేడుక ఎదురుగా పెట్టుకుని, పుట్టబోయే బిడ్డ మొహం కూడా చూడకుండా పోతాడట! అదీ దేవుడి పేరు చెప్పి. వాడి దేవుడూ నా దేవుడూ ఒక్కడే కదా, నాతో ఒక్క మాటైనా అనలేదే మరి ఆ దేవుడు?

హమ్దాన్ చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. మా రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. చిన్నప్పుడు మా ఊరి మతగురువు కియాయి మస్దుకీ గారి ఖురాన్ బడిలో ఉండి చదువుకున్నాడు. గొంతెత్తి ఖురాన్ చదివితే జావా ఉత్తర తీరం మొత్తం మీద అలాంటి గొంతు లేదని నేను ఇప్పటికీ అంటాను. ఆ గొంతు విని మురిసిపోయి పిల్లనిచ్చాను. పోయిన ఏడాది ఎవరో వాణ్ణి ఫోన్లో ఒక గుంపులో చేర్చారు. అక్కడ ఒక గురువుగారున్నాడు. ఆయన మొహం ఎవరూ చూడలేదు. రోజూ పొద్దున్నే మంటలూ గుర్రాలూ ఉన్న బొమ్మ మీద ఒక ఖురాన్ వాక్యం రాసి పంపుతాడు. ఒక్కటంటే ఒక్కటే, ముందూ వెనకా ఏమీ ఉండదు.

అప్పట్నుంచీ పిల్లవాడు బిగుసుకుపోయాడు. ఇరుగుపొరుగు విందులకు రావడం మానేశాడు. అవి మన ధర్మంలో లేవట. ఏడో నెల వేడుకలో తినే రుజాక్ ముట్టనన్నాడు. పుల్లటి పళ్ళు తురిమి, తాటిబెల్లమూ మిరపకాయలూ నూరి కలిపితే అందులో ధర్మానికేం లోటొస్తుందో నాకర్థం కాలేదు. చివరికి నర్సమ్మ క్రిస్తాంతి తమ గుమ్మం తొక్కకూడదన్నాడు. ఆవిడ క్రైస్తవురాలు. ఊళ్ళో సగం మందికి పురుళ్ళు పోసిన మనిషి. హమ్దాన్‌ని భూమ్మీదకు లాగిన చెయ్యి కూడా ఆవిడదే! ఉల్యాకి రక్తపోటు ఎక్కువగా ఉంది, వారం వారం చూడాలి అని ఆవిడ చెప్తుంటే, వీడు వద్దంటాడు. పిల్లేమో నర్సమ్మని చూడ్డానికి దొంగచాటుగా మా ఇంటికొస్తోంది.

నేనూ ఊరుకునే రకం కాదు. శుక్రవారం శుక్రవారం ఆడవాళ్ళకి వాక్యాల అర్థాలు చెప్పేదాన్ని. నాకు తెలియని వాక్యమా అనుకుని, తలమీద గుడ్డ సరిచేసుకుని నేరుగా రేవుకి నడిచాను. వాడు ఇంజన్ విప్పుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా నూనె.

"ఏమయ్యా, నా కూతుర్ని ఎవరికప్పజెప్పి పోతున్నావు?"

చెప్పేసిందని వాడికి అర్థమయింది. తల వంచుకునే, "దేవుడికమ్మా" అన్నాడు. మా దగ్గర అల్లుళ్ళు అత్తగార్ని అమ్మా అనే పిలుస్తారు.

"ఓహో! పురిటికి నీళ్ళు కాచిపెట్టడానికి దేవుడొస్తాడా?"

"నేను కల్పించానా అమ్మా? వాక్యం ఉంది. బహుదైవారాధకుల్ని ఎక్కడ కనబడితే అక్కడ చంపండి అని ఉంది. ఉందా లేదా, మీరే చెప్పండి."

"ఉంది. ఎవరి గురించి ఉంది? ఒప్పందం చేసుకుని, దాన్ని తెంచి, మనవాళ్ళ మీద పడ్డవాళ్ళ గురించి ఉంది. అది ఆనాటి యుద్ధం, ఆనాటి మనుషులు..." అంటూ నాకు తెలిసిందంతా గుక్క తిప్పుకోకుండా కుమ్మరించాను.

వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఇవన్నీ మెత్తబడిపోయిన పండితుల మాటలమ్మా. యుద్ధమంటే భయపడేవాళ్ళు ఇలాగే చెప్తారని మా గురువుగారు ముందే అన్నారు."

"గాడిదా!" అన్నాను, తోటి పనివాళ్ళందరి ముందూ. అనకుండా ఉండాల్సింది. వాడి మొహం గంటు పెట్టుకుపోయింది. లోపలికెళ్ళి ఇంకో ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆ మోతలో నా పాండిత్యమంతా కొట్టుకుపోయింది. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే కియాయి గారి దగ్గరకెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని విరిగిన కళ్ళద్దాల పుల్లకి దారం చుట్టుకుంటున్నారు. నాకూ ఆయనే గురువు. చెప్పిందంతా విని, తల కూడా ఎత్తకుండా అడిగారు.

"ఏ అధ్యాయమన్నావ్ జుమ్రోతున్?"

"తొమ్మిదోది గురువుగారూ. బరాఅత్."

"ఎందాకా చదివాట్ట?"

"అయిదో వాక్యం. అందులోనూ మొదటి ముక్కే. రోజూ అదే వల్లిస్తున్నాడు."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కూతురి కాపురం మునిగిపోతుంటే మీకు నవ్వెలా వస్తోంది?"

"కోప్పడకమ్మా. వాడి చిన్నతనం గుర్తొచ్చింది. ఐన్ రాకుండా పుస్తకం మూసేసేవాడు. ఎన్నిసార్లు పాచి గీకాడో వాడికే తెలియాలి." కళ్ళద్దాలు పెట్టుకుని అప్పుడు చూశారు నన్ను. "వేడుకనాడు వాణ్ణి నా ఎదురుగా కూర్చోబెట్టు. ఆ అధ్యాయమే చదివిద్దాం."

ఆ పాచి సంగతి చెప్పాలి. మా పుస్తకాల్లో చెప్పే విషయం ఒకటి పూర్తయిన చోట అంచున ఐన్ అనే అక్షరం వేసి ఉంటుంది. కియాయి గారి బడిలో ఒకటే కట్టుబాటు. చదవడం మొదలుపెడితే ఐన్ దాకా చదవాలి. ఆకలేసినా, నిద్దరొచ్చినా, ఇల్లు కాలిపోతున్నా మధ్యలో మూయకూడదు. మూసినవాడు నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే తొట్టెలో దిగి పాచి గీకాలి. మా ఊళ్ళో నలభై దాటిన మగాళ్ళకి కూడా ఆ తొట్టె కలలోకొస్తుంది.

"కానీ గురువుగారూ, కడుపులో బిడ్డకి దీవెనలిచ్చే రోజున యుద్ధం అధ్యాయమా? ఊరు నా మొహాన ఉమ్మేయదూ?" అన్నాను.

"ఉమ్మితే తుడుచుకో" అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే.

వేడుకరోజు మా ఇల్లంతా జనం. ఆడవాళ్ళం ఒక పక్క, మగాళ్ళు ఒక పక్క. నర్సమ్మ క్రిస్తాంతిని నేనే పిలిచాను. వస్తే హమ్దాన్ లేచి వెళ్ళిపోతాడేమోనని ఉల్యా వణికిపోయింది. పోతే పోనీ అన్నాను పైకి. అంటూనే వాడి మీద ఓ కన్నేసి ఉంచాను. ఆవిడ ఆలస్యంగా వచ్చి, గుమ్మం పక్కనే చెప్పుల దగ్గర సర్దుకుని కూర్చుంది. హమ్దాన్ చూశాడు. మొహం తిప్పుకున్నాడు. కానీ ఎదురుగా కియాయి గారున్నారు, లేవలేడు.

యూసుఫ్, మరియమ్ అధ్యాయాలు అయ్యాయి. అప్పుడు కియాయి గారు, "తండ్రి కాబోయేవాడు చదవాలి. బరాఅత్ తియ్యి" అన్నారు. ఆడవాళ్ళలో గుసగుసలు బయల్దేరాయి. నా పక్కావిడ మోచేత్తో పొడిచి, "మీ గురువుగారికి మతి పోయిందా?" అంది. హమ్దాన్ కూడా తెల్లబోయాడు. తర్వాత కళ్ళు మెరిశాయి. తన పక్షం నెగ్గిందనుకున్నాడు కాబోలు.

వాడింకా నోరు తెరవకముందే ఆడవాళ్ళందరం అలవాటు చొప్పున "బిస్మిల్లా" అని గట్టిగా ఎత్తుకున్నాం. కియాయి గారు వేలెత్తారు. నాలిక్కరుచుకున్నాం. అన్ని అధ్యాయాలకూ ముందు ఆ మాట ఉంటుంది, ఈ ఒక్కదానికే ఉండదు. అర్థాలు చెప్పే నేను అందరికంటే గట్టిగా అన్నాను, ఏం చెప్పను! గది గదంతా కిసుక్కుమంది.

హమ్దాన్ ఎత్తుకున్నాడు. అబ్బ, ఆ గొంతు! ఏడాదిగా విననే లేదు. ఉల్యా కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో వాక్యం దగ్గర గొంతు ఇంకా పెంచాడు. అది పూర్తిచేసి, పుస్తకం మూసి, ముద్దు పెట్టుకుని, కియాయి గారి వైపు సూటిగా చూశాడు.

"ఇంక చాలు కదా గురువుగారూ."

మగాళ్ళ వెనక వరసలోంచి వాడి చిన్ననాటి సావాసగాడు ఒకడు అరిచాడు.

"ఒరే హమ్దాన్, ఐన్ ఏదిరా? తొట్టె ఖాళీగానే ఉంది, దిగుతావా?"

జనం గొల్లుమన్నారు. హమ్దాన్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ చూడండి, వాడి చెయ్యి దానంతటదే పుస్తకం తెరిచింది. చిన్నప్పటి భయం ఎక్కడికి పోతుంది? ఒకే ఒక్క వాక్యం మిగిలింది. ఆరోది. చదివాడు. దాని చివరే అంచున ఐన్ ఉంది.

"ఇప్పుడు అర్థం చెప్పు. ముక్క ముక్కా చెప్పు, బళ్ళో చెప్పినట్టు. నాలుగో దాన్నించి" అన్నారు కియాయి గారు.

వాడు మొదలుపెట్టాడు. మీతో ఒప్పందం చేసుకుని, దాన్ని నిలబెట్టుకుని, మీ మీదకి ఎవరినీ ఉసిగొల్పనివాళ్ళతో గడువు తీరేదాకా మీరూ మాట నిలబెట్టుకోండి అని చెప్పాడు.

"మరి అయిదోదాంట్లో చంపమన్నది ఎవర్ని?"

"... ఒప్పందం తెంచినవాళ్ళని."

"నర్సమ్మ నీతో చేసుకున్న ఒప్పందం ఏమైనా తెంచిందా?"

"ఎందుకు తెంచలేదూ, తొమ్మిదింటికొస్తానని పదకొండింటికొచ్చింది!" అన్నాను నేను. నోరు ఊరుకుంటేనా.

"మీ ఊరి రోడ్డు మీద నువ్వు స్కూటర్ నడిపి చూడు తల్లీ, ఏ మర్నాడో వస్తావు" అంది నర్సమ్మ గుమ్మం దగ్గర్నుంచి. మళ్ళీ నవ్వులు. హమ్దాన్ నవ్వలేదు.

"అయిదో వాక్యం మిగతా మెత్తటి వాక్యాలన్నిటినీ రద్దు చేసిందట గురువుగారూ. మా గుంపులో గురువుగారు చెప్పారు" అన్నాడు, మొండిగా.

"అలా అన్న పెద్దలున్నారు. కాదన్న పెద్దలూ ఉన్నారు. నేను నలభై ఏళ్ళుగా వాళ్ళ మాటలు చదువుతూనే ఉన్నా, ఇప్పటికీ తొందరపడి నోరెత్తను. అదలా ఉంచు. నీ ఫోన్లో వచ్చిందాంట్లో అయిదో వాక్యం చివరి ముక్క ఉందా? పశ్చాత్తాపపడితే దారి వదలండి, దేవుడు క్షమించేవాడు అన్న ముక్క?"

హమ్దాన్ పుస్తకం అంచు వేలితో రుద్దాడు.

"లేదన్నమాట. సరే, ఆరోది చెప్పు."

వాడు గొంతు సవరించుకున్నాడు. "ఆ బహుదైవారాధకుల్లో... ఎవరైనా... నీ శరణు కోరితే... శరణియ్యి. దేవుడి మాట వినేదాకా. ఆ తర్వాత అతణ్ణి..."

ఆగిపోయాడు.

"ఊఁ. ఆ తర్వాత?"

"ఆ తర్వాత అతనికి ఎక్కడ భద్రమో అక్కడికి చేర్చు."

"ఎవర్నిరా?"

"శత్రువుని."

"నమ్మితేనే చేర్చమందా, నమ్మకపోయినా చేర్చమందా?"

వేలు పెట్టి ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాడు. చిన్నప్పుడు బట్టీ పట్టిందే. నోటికొచ్చిందే. "నమ్మాలని లేదు గురువుగారూ" అన్నాడు, సన్నటి గొంతుతో.

"పోట్లాడ్డానికొచ్చినవాణ్ణే క్షేమంగా దింపి రమ్మంటే, నీకు బొడ్డు కోసిన మనిషిని చెప్పుల దగ్గర కూర్చోబెట్టావు" అన్నారు కియాయి గారు. గొంతులో కోపం లేదు. "యుద్ధం మాటే లేదని నేననను నాయనా. ఉంది. చదివావు కదా, దానికి ముందు ఇంతుంది, వెనక ఇంతుంది. ఇంజన్ విప్పి, సగం బోల్టులే బిగించి సముద్రం మీదకి పంపుతావా నువ్వు?"

హమ్దాన్ లేచాడు. పుస్తకం జాగ్రత్తగా అందించి, ఫోన్ తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఉల్యా మొహం పాలిపోయింది. సంచీ కోసం పోతున్నాడనుకుంది. నేను వెనకాలే వెళ్ళి అరటి బోదె చాటున నిలబడ్డాను. చాటుగా వినడం తప్పంటారు. వినకపోతే నా ప్రాణం నిలిచేది కాదు.

"గురువుగారూ, ఒక్క సందేహం" అంటున్నాడు ఫోన్లో, ఆ గుంపు గురువుతో. "అయిదో వాక్యం తర్వాత ఆరోది ఉంది కదా. శరణన్నవాణ్ణి ఏం చెయ్యాలి? అక్కడికొచ్చాక నా ఎదుట ఎవరైనా చేతులెత్తితే?"

ఫోన్లోంచి గొంతు నాకూ వినబడింది. "నీ బుర్ర ఎవరు పాడు చేస్తున్నారు? ఎవరున్నారు నీ పక్కన?"

"ఎవరూ లేరు. అర్థం అడుగుతున్నా, అంతే. ఐన్ దాకా ఒకసారి మీరు చదివి చెప్పండి."

"అర్థాలు తర్వాత. ముందు నువ్వు వస్తున్నావా లేదా?"

"అర్థం తెలియకుండా ఎలా వస్తానండీ?"

ఫోన్ కట్టయింది. హమ్దాన్ మళ్ళీ చేశాడు. కలవలేదు. గుంపు తెరిచి చూశాడు. వాణ్ణి అందులోంచి తీసేశారు. రోజూ పొద్దున్నే తమ్ముడూ తమ్ముడూ అన్న మనుషులు, ఒక్క ప్రశ్నకి గెంటేశారు. వాడు ఆ ఫోన్ వంక అలాగే చూస్తూ బావి గట్టు మీద కూలబడ్డాడు.

నేనిక ఆగలేక బయటికొచ్చాను. నన్ను చూసి వాడు ఆశ్చర్యపోలేదు.

"పాపం, ఆయనకి తెలియదేమో అనుకున్నానమ్మా ఇందాక" అన్నాడు. "తెలుసు. తెలిసే అయిదు దగ్గర ఆపాడు."

దగ్గరకి తీసుకున్నాను. గాడిదా అన్నదానికి ఏమైనా అందామనుకున్నాను. అనడానికి బదులు వాడి తల నిమిరాను. బతికించావు దేవుడా అనుకున్నాను. ఎన్ని రోజుల తర్వాతో ఊపిరి అడుగుదాకా పోయింది.

ఇంతలో వాకిట్లోంచి పిలుపులు. రుజాక్ అమ్మే వేళయింది. కడుపుతో ఉన్న పిల్ల వాకిట్లో కూర్చుని రుజాక్ అమ్మాలి, వచ్చినవాళ్ళు కుండపెంకులిచ్చి కొనుక్కోవాలి, పక్కన మొగుడు గొడుగు పట్టుకుని నిలబడాలి. ఇవేవీ ఒప్పుకోనని హమ్దాన్ నెల ముందే తేల్చేశాడు. అందుకని గొడుగు నేనే పడదామనుకున్నాను. ఉల్యా ఎండలో కూర్చుని గిన్నె కలుపుతోంది. కళ్ళు మాత్రం పెరటి దారి మీదే ఉన్నాయి.

హమ్దాన్ మొహం కడుక్కుని వచ్చాడు. గోడకి ఆనించిన గొడుగు తీసి, విప్పి, ఉల్యా నెత్తి మీద పట్టాడు. కియాయి గారు కళ్ళద్దాల దారం సరిచేసుకుంటున్నారు.

"సరిగ్గా పట్టుకో. సగం ఎండ నా మీదే ఉంది" అంది ఉల్యా. ఆ తర్వాత ఏడుపూ నవ్వూ కలిసిపోయి, చెంచా కింద పడేసుకుంది.

మొదటి బేరం నర్సమ్మది. కుండపెంకు గిన్నెలో వేసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అబ్బో, ఇంత కారమా! ఆడపిల్లే" అంది. రుజాక్ కారంగా కుదిరితే ఆడపిల్ల పుడుతుందని మా వైపు నమ్మకం. కొంగుతో కళ్ళు తుడుచుకుని, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఉల్యా చేతికి రక్తపోటు పట్టీ కట్టింది. హమ్దాన్ గొడుగు ఇద్దరి మీదా పడేలా కొంచెం వంచాడు.

"తగ్గిందా?" అని అడిగాడు. ఆవిడతో వాడు మాట్లాడి ఏడాదయింది.

"తగ్గింది. ఈ పూట నిమ్మళంగా ఉంది" అంది నర్సమ్మ.

జనం వెళ్ళాక ఆవిడ స్కూటర్ మొరాయించింది. ఎంత తన్నినా కదల్లేదు. హమ్దాన్ ఒకసారి వంగి చూసి, "ఇది రేపు బాగుచేస్తా. రండి, నా బండి మీద దింపుతాను" అన్నాడు.

"చౌరస్తా దాకా చాలు నాయనా, అక్కడ వ్యాను దొరుకుతుంది."

"కాదు. మీ ఇంటి గుమ్మం దాకా."

వాడలా అనగానే నేను గిన్నెలు సర్దుతున్నట్టు అటు తిరిగిపోయాను. నా మొహం వాడికి కనబడకూడదు కదా.

వాడు ఎక్కడికి బయల్దేరినా ఎప్పుడొస్తావని అడగడం ఉల్యా ఎప్పుడో మానేసింది. ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఎంతసేపట్లో వస్తావు?"

హమ్దాన్ బండి స్టార్ట్ చేసి, వెనక్కి తిరిగాడు.

"దింపేసి వచ్చేస్తా. నాకో గిన్నె రుజాక్ ఉంచు. కారం తగ్గించకు."